ఆమెతో అందరూ మాట్లాడతారు

పెద్రో అల్మొదోవార్ తీసిన ‘ఆబ్లే కోన్ ఎయ్యా’ సినిమాని నేను మొదటిసారి 2004లో, హైదరాబాదులో ఓ ఫిల్మ్‌క్లబ్బు వాళ్ళు వేస్తే చూశాను. ఇంగ్లీషులో దీని పేరు ‘టాక్ టు హర్’. 2002లో స్పెయిన్‌లో విడుదలై, మరుసటేడు ఉత్తమ ఒరిజినల్ స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ తెచ్చుకున్న సినిమా. ఆ సాయంత్రం హాలులోంచి బయటికొచ్చేసరికి మా నలుగురి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. ఎదురుగా బండి దగ్గర టీ తాగుతూ “పాపం బెనిగ్నో!” అనుకున్నాం. ఒక మగవాడు ఒక స్త్రీకి అంత ఓపిగ్గా, అంత శుభ్రంగా సేవ చేయడం మేమెవరం ఎక్కడా చూసి ఉండలేదు మరి.

ఆ “పాపం” అన్న మాట పదిహేనేళ్ళ తర్వాత నన్ను నిలదీసింది. స్పృహలో లేని స్త్రీ మీద అత్యాచారం చేసినవాడి గురించి, నలుగురం చదువుకున్న ఆడవాళ్ళం, స్త్రీవాదం గురించి క్లాసుల్లో పాఠాలు చెప్పేవాళ్ళం, “పాపం” అనుకున్నాం. మాచేత ఆ మాట ఎవరనిపించారు? ఎలా అనిపించారు? ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే.

సినిమా చూడనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెప్తాను. బెనిగ్నో (హావియేర్ కామరా) మాద్రిద్‌లో ఒక క్లినిక్కులో నర్సు. కారు ప్రమాదం జరిగి నాలుగేళ్ళుగా కోమాలో ఉన్న అలీసియా (లియొనోర్ వాట్లింగ్) అనే డాన్సు విద్యార్థిని బాగోగులు చూస్తుంటాడు. మార్కో (దారియో గ్రాందినెత్తి) అర్జెంటీనా నుంచి వచ్చిన పాత్రికేయుడు. యాత్రా గైడ్లు రాస్తాడు. ఎద్దులతో పోరాడే లిదియా (రొసారియో ఫ్లోరెస్) అతని స్నేహితురాలు. ఎద్దు కుమ్మడంతో ఆమె కూడా కోమాలోకి వెళ్ళి అదే క్లినిక్కుకి చేరుతుంది. మంచాల మీద ఇద్దరు స్త్రీలు, పక్కన ఇద్దరు మగవాళ్ళు. మగవాళ్ళకి స్నేహం కుదురుతుంది. కొన్నాళ్ళకి అలీసియా గర్భవతి అని బయటపడుతుంది. బెనిగ్నో జైలుకి వెళ్తాడు. లిదియా చనిపోతుంది. అలీసియాకి పుట్టిన బిడ్డలో ప్రాణం ఉండదు కానీ ఆ కాన్పుతో ఆమె కోమాలోంచి లేస్తుంది. ఆమె లేచిన సంగతి బెనిగ్నోకి ఎవరూ చెప్పరు. తనూ కోమాలోకి వెళ్ళి ఆమెని కలుసుకోవాలని మాత్రలు మింగి చనిపోతాడు.

ఇలా చెప్తే ఎంత ఘోరంగా ఉందో చూడండి! సినిమా చూస్తున్నప్పుడు మాత్రం ఇంత ఘోరంగా ఉండదు. కథకీ కథనానికీ మధ్య ఉన్న ఈ దూరం దగ్గరే మనం ఆగాలి.

ముందు పేరు సంగతి. మా కాలేజీలో స్పానిష్ చెప్పే సహోద్యోగి ఒకావిడ చెప్పేదాకా నాకు తెలియలేదు. ‘ఆబ్లే’ అన్నది గౌరవ రూపమట. మన తెలుగులో “మాట్లాడు”కీ “మాట్లాడండి”కీ ఉన్న తేడాయే అక్కడా ఉంది. ఇంగ్లీషులో అది మాయమైపోయింది. తెలుగులో అయితే చక్కగా “ఆమెతో మాట్లాడండి” అవుతుంది. లిదియా పక్కన మౌనంగా కూర్చున్న మార్కోకి, ఇంకా చనువు ఏర్పడని బెనిగ్నో ఇచ్చే సలహా అది. అంటే ఇది ఒక మగవాడు మరో మగవాడికి, ఒక స్త్రీని గురించి, మర్యాదగా చెప్పిన మాట. ‘ఆమె’ ఆ వాక్యంలో ఉంది గానీ ఆ సంభాషణలో లేదు. సినిమా మొత్తం వ్యాకరణం ఈ పేరులోనే ఉందనిపిస్తుంది నాకు.

అసలు ఈ సినిమాలో మాట్లాడని వాళ్ళెవరు? బెనిగ్నో అలీసియా గోళ్ళు తీర్చిదిద్దుతూ, ఒళ్ళు మర్దనా చేస్తూ, జుట్టు కత్తిరిస్తూ నిర్విరామంగా మాట్లాడతాడు. డాన్సు టీచరు కతెరీనా (జెరాల్డిన్ చాప్లిన్) వచ్చి తను తీయబోయే బాలే గురించి ఆమెకి వివరంగా చెప్తుంది. టీవీలో యాంకరమ్మ లిదియాని కూర్చోబెట్టి, విడిపోయిన ప్రియుడి గురించి చెప్పి తీరాలంటుంది. లిదియా లేచిపోబోతే చెయ్యి పట్టుకుని ఆపుతుంది! మాట్లాడితే మంచిదట. స్త్రీ మాట్లాడనంటే బలవంతం చేస్తారు, మాట్లాడతానంటే సమయం ఉండదు.

ఈ రెండో మాట ఎందుకన్నానంటే, లిదియా కథలో ఒక చిన్న సన్నివేశం ఉంది. ఆ రోజు పోరుకి కారులో వెళ్తున్నప్పుడు, అయ్యాక మనం మాట్లాడుకోవాలి అంటుంది లిదియా. గంట నుంచీ మాట్లాడుకుంటూనే ఉన్నాం కదా అంటాడు మార్కో. మాట్లాడుతున్నది నువ్వు, నేను కాదు అని ఆమె జవాబు. అంతే. ఆ తర్వాత ఎద్దు వస్తుంది. ఆమె చెప్పదలచుకున్నది చెప్పకుండానే పోతుంది. తను పాత ప్రియుడి దగ్గరికే తిరిగి వెళ్ళిపోయిందన్నది ఆమె చెప్పాలనుకున్న సంగతి. చివరికి దాన్ని మార్కోకి ఆ పాత ప్రియుడే, ఆమె మంచం పక్కన కూర్చుని చెప్తాడు. స్త్రీ చెప్పాల్సిన మాటని కూడా ఇద్దరు మగవాళ్ళు ఆమె శరీరానికి అటూ ఇటూ కూర్చుని పంచుకుంటారు. లిదియా పేరులోనే ‘లిదియా’ ఉందని, స్పానిష్‌లో ఎద్దుల పోరుని అలాగే అంటారని కూడా మా సహోద్యోగే చెప్పింది. వందల కిలోల ఎద్దు ముందు మోకాళ్ళ మీద నిలబడగల మనిషి, కారులో పక్కన కూర్చున్నవాడి మాటల మధ్య ఒక వాక్యం దూర్చలేకపోయింది!

అందుకే అల్మొదోవార్‌కి ఏమీ తెలియదని నేననను. ఆయనకి బాగా తెలుసు. ఆ కారు సన్నివేశం రాసినవాడికి స్త్రీల నోరు ఎలా మూతపడుతుందో తెలియకపోవడమేమిటి? తెలిసి ఉండీ బెనిగ్నో దగ్గరికొచ్చేసరికి కథనాన్ని ఎటు నడిపాడన్నది నా ఫిర్యాదు.

సినిమా మొదట్లో పీనా బౌష్ డాన్సు ‘కఫే ముల్లర్’ ఉంటుంది. తెల్లటి పల్చని దుస్తుల్లో ఇద్దరు స్త్రీలు కళ్ళు మూసుకుని అటూ ఇటూ పరిగెడుతుంటారు. ఒక మగవాడు వాళ్ళు గుద్దుకోకుండా కుర్చీలు తప్పిస్తుంటాడు. అది చూస్తూ మార్కో ఏడుస్తాడు. పక్క సీట్లో బెనిగ్నో అతన్ని గమనిస్తాడు. అప్పటికి వాళ్ళకి పరిచయం లేదు. తర్వాతి సన్నివేశంలో బెనిగ్నో ఇదంతా అలీసియాకి కథలా చెప్తుంటాడు. ఆమె కోమాలో ఉందని మనకి కాస్త ఆలస్యంగా తెలుస్తుంది. అంటే బెనిగ్నోని మనం మొదట కలుసుకున్నది ఒక మంచి కథకుడిగా. కథ బాగా చెప్పేవాణ్ణి ఎవరు అనుమానిస్తారు? పైగా అతని పేరుకి అర్థమే సాధువు, హాని చేయనివాడు అని.

ఆ తర్వాత చాలాసేపటికి, అతన్ని మనం ఇష్టపడిపోయాక, ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది. అతని కిటికీ ఎదురుగా డాన్సు స్కూలు. తల్లికి ఏళ్ళ తరబడి సేవ చేస్తూ ఆ కిటికీలోంచి అలీసియాని చూస్తుండేవాడు. ఒకరోజు ఆమె పర్సు పడిపోతే తీసిచ్చి ఇంటిదాకా వెంట నడిచాడు. నాలుగు మాటలయ్యాయి. తనకి డాన్సన్నా ప్రయాణాలన్నా మూకీ సినిమాలన్నా ఇష్టమని చెప్పిందామె. అలీసియా అతనితో మాట్లాడింది ఇంతే! ఈ మూడు ఇష్టాల మీద నాలుగేళ్ళ కాపురం కట్టుకున్నాడతను. డాన్సులు చూసొచ్చి చెప్తాడు, మూకీ సినిమాలు చూసొచ్చి చెప్తాడు. తనకోసం చేస్తున్నాడా, ఆమెకోసమా అని మనం అడగం. ఇద్దరూ ఒకటే అని నమ్మించేశారు కదా.

అదే ఫ్లాష్‌బ్యాక్‌లో ఇంకోటి ఉంది. రెండోసారి చూసినప్పుడు గానీ దాని బరువు నాకు తెలియలేదు. అలీసియా తండ్రి మానసిక వైద్యుడు, ఇంట్లోనే చూస్తాడు. ఆమె మళ్ళీ కనిపించకపోయేసరికి, బెనిగ్నో రోగినని చెప్పుకుని ఆ ఇంట్లో దూరతాడు. ఆమె గదిలోకి వెళ్ళి క్లిప్పు దొంగిలిస్తాడు. అప్పుడే స్నానం చేసి బయటికొచ్చిన అలీసియా, గదిలో పరాయి మగవాణ్ణి చూసి బెదిరిపోతుంది. తను ప్రమాదకరమైనవాణ్ణి కానని చెప్పి అతను వెళ్ళిపోతాడు. చూశారా, అలీసియా జవాబు చెప్పేసింది! కోమాలోకి వెళ్ళకముందే, తన ఒళ్ళంతటితో ‘వద్దు’ అని చెప్పింది. సినిమాలో ఆ క్షణం కొన్ని సెకన్లే. తర్వాత సినిమా ముగిసేదాకా ఆమె జవాబు మనకి తెలియదన్నట్టే కథ నడుస్తుంది. వెంటపడటమే ప్రేమ అని చెప్పే సినిమాల మధ్య పెరిగినవాళ్ళం కాబట్టి మాకు ఆ సన్నివేశం కాస్త నవ్వులాటగా కూడా అనిపించిందేమో, 2004లో.

ఇక్కడ దర్శకుడు తన చేతిరాతతో చేసిన పని ఒకటి చెప్పాలి. కథ నడుస్తుండగా తెర మీద అక్షరాలు వస్తాయి. మొదట ‘లిదియా, మార్కో’ అని. తర్వాత ‘అలీసియా, బెనిగ్నో’ అని. పెళ్ళి శుభలేఖ మీద లాగా, జంటగా. మొదటి జంట నిజంగా జంట. రెండోది ఒకడి తలలో మాత్రమే ఉన్న జంట. తెర మీద ఆ పేర్లు వేసింది బెనిగ్నో కాదు, దర్శకుడు.

ఇక అసలు విషయం, అత్యాచారం. సినిమా దాన్ని చూపించదు. చూపించనందుకు నాకేమీ అభ్యంతరం లేదు. ఇదే దర్శకుడు 1993లో తీసిన ‘కీకా’లో అత్యాచారాన్ని హాస్యంగా సాగదీసి చూపించి తిట్లు తిన్నాడు. వాటికంటే మౌనం నయమే. కానీ ఇక్కడ మౌనం లేదు. ఆ ఖాళీలో ఒక కథ పెట్టారు. బెనిగ్నో మూకీ సినిమా ఒకటి చూసొచ్చి ఆ రాత్రి అలీసియాకి చెప్తాడు. పేరు ‘కుంచించుకుపోయే ప్రియుడు’. అల్మొదోవారే 1920ల నాటి మూకీల పద్ధతిలో తీసిన కల్పిత సినిమా అది. అంపారో అనే శాస్త్రవేత్త సన్నబడే మందు కనిపెడుతుంది. ప్రియుడు ఆల్ఫ్రెదో దాన్ని తాగి రోజురోజుకీ చిన్నవాడైపోతాడు. చివరికి బొటనవేలంత అయిపోయి, ఒక రాత్రి ఆమె నిద్రపోతుండగా ఆమె దేహం మీద నడిచి, యోనిలోకి ప్రవేశించి ఎప్పటికీ అక్కడే ఉండిపోతాడు. నలుపు తెలుపుల్లో, సంగీతంతో, కాస్త నవ్వు తెప్పిస్తూ ఎంతో అందంగా ఉంటుంది. ఆ తర్వాత దీపంలో ఎర్రటి బుడగలు కలిసిపోవడం. అంతే. మనకి మిగతాది తర్వాత తెలుస్తుంది.

ఆ మూకీ సినిమాని ‘దర్శకుడి కవిత్వం’గా పొగిడినవాళ్ళున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ కథ చెప్తున్నదెవరు? బెనిగ్నో. నేరం చేయబోతున్నవాడు, నేరానికి ముందు, బాధితురాలికి చెప్తున్న కథ అది. అందులో ఏముందో చూడండి. ఆమె అతన్ని ప్రేమించింది. నిద్రలో ఉన్నా ఆమె ముఖంలో సుఖం కనిపిస్తుంది. ప్రమాదం అంతా అతనికే. త్యాగం చేసేది, కరిగిపోయేది, లోకంలోంచి మాయమయ్యేది అతనే. ఆమెకి జరిగిన హాని ఏమీ లేదు. అలీసియా ఇవ్వలేని అంగీకారాన్ని అంపారో ముఖం మీద నుంచి తెచ్చి అతికించారు. నేరస్థుడి వాంగ్మూలాన్ని అంత అందంగా చిత్రీకరించి, అది అతని వాంగ్మూలమే అన్న సంగతి మనం మరిచిపోయేలా చేయడం, కథన శిల్పంగా గొప్ప నేర్పే. నన్ను భయపెట్టింది ఆ నేర్పే.

బిడ్డ పుట్టి తల్లి లేవడం కూడా కొత్త ఊహ కాదు. నిద్రపోయే రాకుమారి కథ మనందరికీ ముద్దుతో లేచే కథగానే తెలుసు. అది గ్రిమ్ సోదరులు మనకిచ్చిన రూపం. అంతకుముందు, 17వ శతాబ్దంలో ఇటలీలో జాంబత్తిస్తా బసీలే రాసిన కథలో ముద్దు లేదు. రాజు నిద్రలో ఉన్న తాలియాని అనుభవించి వెళ్ళిపోతాడు. ఆమె నిద్రలోనే కవలల్ని కంటుంది. పాలకోసం వెతుక్కుంటూ ఒక బిడ్డ ఆమె వేలు చప్పరిస్తే అందులో గుచ్చుకున్న నార ముక్క ఊడి ఆమె లేస్తుంది. అల్మొదోవార్ ఆ పాత కథ దాకా వెళ్ళాడో లేదో గానీ అక్కడికే చేరాడు. అత్యాచారాన్ని వైద్యంగా మార్చే కథ నాలుగు వందల ఏళ్ళ నాటిది. అలీసియా లేవకపోయి ఉంటే మేము “పాపం బెనిగ్నో” అనేవాళ్ళమా? అనేవాళ్ళం కాదనుకుంటాను.

ఇప్పుడు నా సంగతి. మా అమ్మకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. రెండేళ్ళ పైన మంచంలోనే ఉంది. డాక్టరుగారు నాతో “మీరు మాట్లాడుతూ ఉండండి, ఆవిడకి వినబడుతుంది” అన్నారు. బెనిగ్నో మాటే! నేను మాట్లాడాను. కాలేజీ సంగతులు, చదివిన కథలు, చుట్టాల పెళ్ళిళ్ళు. అమ్మ ఏమనుకుంటోందో కూడా నేనే చెప్పేదాన్ని, “నీకీ చీర నచ్చింది కదమ్మా” అంటూ. తల దువ్వుతూ, పౌడరు రాస్తూ, బొట్టు పెడుతూ. చూసినవాళ్ళంతా కూతురంటే ఇలా ఉండాలనేవారు. నాకూ అలాగే అనిపించేది.

అమ్మని చూసుకోవడానికి పగటిపూట ఒకమ్మాయి వచ్చేది. ఆ అమ్మాయి తక్కువ మాట్లాడేది. “మామ్మగారూ, ఇటు తిప్పనా?” అని అడిగి ఆగేది. అమ్మ కళ్ళవైపు చూస్తూ ఆగేది. ఒక్కోసారి నిమిషం పైనే. నాకు విసుగొచ్చేది, జవాబు రాదని తెలిసి ఎందుకీ ఆలస్యం అని. ఒకరోజు నేను అమ్మకి జడ వేస్తుంటే వెనకనుంచి మెల్లిగా అంది: “ఆవిడ వద్దంటున్నారు కదమ్మా. చూడండి, మొహం అటు తిప్పేసుకుంటున్నారు.” చూశాను. నిజమే. ఎన్నాళ్ళ నుంచి అలా తిప్పుకుంటోందో! మంచంలో ఆ పక్కకే ఒరిగి ఉంటుందనుకున్నాను నేను.

ఆ రాత్రి ఈ సినిమా మళ్ళీ చూశాను. 2019లో. నేనూ బెనిగ్నో ఒకటే అని అనడం లేదు. అలా అంటే అతను చేసిన నేరాన్ని చిన్నది చేసినట్టవుతుంది. కానీ అతని మాటల్లో నా గొంతు వినబడింది. జవాబు కోసం ఆగని మాట ఎంత ప్రేమగా ఉన్నా అది నేను నాతో చెప్పుకునేదే. బెనిగ్నో అలీసియాని పెళ్ళి చేసుకుంటానన్నప్పుడు మార్కో అతని మీద అరుస్తాడు, ఆమె తన ఒంట్లో ఏ భాగంతోనూ ‘సరే’ అనలేదని. సినిమాలో వివేకం ఉన్న మాట అదొక్కటే అని మొదట్లో అనుకునేదాన్ని. ఇప్పుడు అది కూడా సగమే అనిపిస్తోంది. మార్కోకి కూడా ఆమె శరీరం ఖాళీ కాగితమే. చెప్పలేదు అంటాడు గానీ, ఎప్పుడైనా చెప్పిందా అని అడగడు.

2018 డిసెంబరు చివర్లో అమెరికాలో, అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో, ఏళ్ళ తరబడి ఒక సంరక్షణ కేంద్రంలో ఉన్న స్త్రీ ఒకామె ప్రసవించింది. ప్రసవం దాకా తమకి తెలియలేదన్నారు అక్కడివాళ్ళు. ఆమెని చూసుకునే మగ నర్సుని తర్వాతి నెలలో అరెస్టు చేశారు. 2021లో అతనికి పదేళ్ళ శిక్ష పడింది. చాలా పత్రికలు ఆమె కోమాలో ఉందని రాశాయి. చాలామంది ఈ సినిమాని గుర్తు చేసుకున్నారు కూడా. అప్పుడామె కుటుంబం లాయరు ద్వారా ఒక దిద్దుబాటు పంపింది. ఆమె కోమాలో లేదని, వైకల్యం ఉన్న మనిషని, మాట లేకపోయినా శబ్దాలకి స్పందిస్తుందని, ముఖంలో భావాలు పలుకుతాయని. ఆ వార్త చదివినప్పుడు మా అమ్మ తిప్పుకున్న ముఖమే గుర్తొచ్చింది నాకు. ‘కోమా’ అన్నది కథకి ఎంత వీలైన మాట!

ఇంత చెప్పినా, ఈ సినిమాని మా విద్యార్థినులకి చూపించడం నేను మానలేదు. చూపించి, ఒక్క పని చేయమంటాను. కథని అలీసియా వైపు నుంచి మళ్ళీ రాయమంటాను. చాలామంది పది వాక్యాలు దాటలేకపోతారు. ఆమెకి ఏం తెలుసో సినిమా మనకి చెప్పదు. చేతికర్రతో మళ్ళీ డాన్సు స్కూలుకి వస్తుంది. నెలల తరబడి తన కడుపులో బిడ్డ పెరిగిందని ఆమెకి ఎవరైనా చెప్పారా? తండ్రి చెప్పాడా? కతెరీనా చెప్పిందా? బెనిగ్నో చనిపోయాక మార్కో అతని సమాధి దగ్గరికి వెళ్ళి, అలీసియా లేచిందని చెప్తాడు. మాట్లాడటం నేర్చుకున్నాడన్నమాట, చనిపోయిన మగవాడితో. బతికున్న అలీసియాతో మాత్రం ఎవరూ ఏమీ చెప్పరు.

చివరి సన్నివేశం మళ్ళీ థియేటరులోనే. పీనా బౌష్ ‘మసూర్కా ఫోగో’ నడుస్తోంది. విరామంలో అలీసియా మార్కోని చూసి ఒకటి రెండు మాటలు మాట్లాడుతుంది. అది గమనించిన కతెరీనా కంగారుగా వచ్చి, ఆమెకేం చెప్పావని అడుగుతుంది. ఏమీ చెప్పలేదంటాడు. ఏదో ఒకరోజు మనిద్దరం మాట్లాడుకోవాలంటుంది కతెరీనా. నువ్వనుకున్నంత కష్టమేమీ కాదులే అంటాడతను. ఏదీ తేలిక కాదు, నేను డాన్సు టీచర్ని అంటుందామె. లోపల మళ్ళీ డాన్సు మొదలవుతుంది. మార్కో వెనక్కి తిరిగి చూస్తాడు. అలీసియా నవ్వుతుంది. తెర మీద ‘మార్కో, అలీసియా’ అని మూడో జంట పేర్లు పడతాయి.

ఆ పేర్లు పడగానే గత ఏడాది మా క్లాసులో ఒకమ్మాయి గట్టిగా అడిగింది: “ఆ అమ్మాయిని ఎవరైనా అడిగారా మేడమ్?”